తాళాల ఊరిలో తిరిగొచ్చే రుజువు

నేను తెనాలిలో జాకెట్లు కుడతాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మనిషి షాపు మెట్లెక్కేలోపే ఛాతీ ఎంత, భుజం ఎంత, ఏ చంక దగ్గర బిగుసుకుంటుందో చెప్పేస్తాను. అలాంటి నన్ను ఐర్లండ్ వాళ్ళు కాయితాలు చూసి కొలిచేశారు. మీరు స్వదేశానికి తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు, కాబట్టి వీసా ఇవ్వలేం అని రాసి పంపారు. అది చదివాక రెండు రోజులు మిషను తొక్కలేదు.

మా చెల్లెలు సుజాత అక్కడ నర్సు. నాకు పెళ్ళి కాలేదు, దాని పెళ్ళి నిలవలేదు. అమ్మానాన్నలు పోయాక ఒకరికొకరం తప్ప మాకెవరూ లేరు. జనవరిలో దానికి కడుపులో గడ్డ తీసే ఆపరేషను. రోజూ ఎంతోమందిని ఆపరేషను గదిలోకి తోసుకెళ్ళే మనిషి, ఫోన్లో చిన్నపిల్లలా ఏడ్చింది. "లోపలికి తీసుకెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి నా మనిషంటూ ఒకరు ఉండాలక్కా" అంది. ఉంటానని మాటిచ్చాను. మాటిచ్చిన మూడు వారాలకు ఈ కాయితం వచ్చింది.

గుంటూరులో వీసా పనులు చూసే ఏజెంటు దానిని ఒకటికి రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏమీ అనుకోకండి మేడం. మీకు భర్త లేడు, పిల్లల్లేరు, నెల జీతం లేదు, షాపు అద్దెది. ఇక్కడికి మీరెందుకు తిరిగొస్తారు అని వాళ్ళ అనుమానం. మీ పేర ఆస్తిపాస్తులు ఏమైనా ఉన్నాయా?"

నాకు ఒళ్ళు మండింది. కానీ అడిగినదానికి జవాబు చెప్పాలి కదా. మా నాన్న రోడ్ల శాఖలో రోలరు నడిపేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నారాయణఖేడ్ వైపు పనిచేసినప్పుడు, కారుచౌకగా వస్తోందని నాగల్‌గిద్ద అవతల ఒక ఊళ్ళో ఎకరంన్నర కొన్నాడు. ఇప్పుడది నా పేర ఉంది. దావీదు అనే అతను సాగు చేస్తూ ఏటా ఒక బస్తా కందులు బస్సు పార్సిల్లో పంపిస్తాడు. ఆ కందిపప్పు తినడమే తప్ప ఆ నేల నేను చూసింది లేదు.

"బ్రహ్మాండం" అన్నాడు ఏజెంటు. "అక్కడి పహాణీ, అంటే మన అడంగల్ లాంటిదే, నకలు తీసుకోండి. చేలో నిలబడి ఒక ఫోటో. ఈ భూమి ఈవిడదే, ఏటా వచ్చి చూసుకుని పోతుంది, మళ్ళీ వస్తుంది అని ఆ సాగు చేసే అతని చేత ఒక రాత రాయించండి. మిగతాది నేను చూసుకుంటా."

అలా, ఒక్కసారీ వెళ్ళని ఊరి నుంచి, నేను ఏటా వస్తానని రాయించుకు రావడానికి బయల్దేరాను. నవంబరు చివరి వారం. దావీదు ఫోను ఎన్నిసార్లు చేసినా కలవలేదు. చేలో ఉండి ఉంటాడులే అనుకున్నాను.

ఖేడ్‌లో రొట్టె

హైదరాబాదు నుంచి సంగారెడ్డి, జోగిపేట మీదుగా బస్సు. నారాయణఖేడ్‌ని అక్కడ అందరూ ఖేడ్ అనే అంటారు. సాయంత్రానికి దిగాను. బస్టాండు బయట ఊళ్ళ పేర్లు అరుస్తూ ఆటోలు, విత్తనాల కొట్లు, ఎరువుల కొట్లు, ఒక వీధి పొడుగునా మొబైల్ షాపులు. మా తెనాలి కాలవ గాలికి అలవాటుపడ్డ ముక్కుకి అక్కడి గాలి పొడిగా, కాస్త ఎండుగడ్డి వాసనతో తగిలింది.

లాడ్జి ఎదురుగా ఒకావిడ రొట్టెల మెస్సు నడుపుతోంది. చేత్తో కొట్టిన జొన్నరొట్టె పదిహేను రూపాయలు, పప్పు, పల్లీల పొడి, పచ్చిమిరప తొక్కు వేసుకున్నవాళ్ళకి వేసుకున్నంత. రెండు తిన్నాను. మా వైపు అన్నం లేని భోజనాన్ని టిఫిన్ అంటాం. ఇక్కడ రెండు రొట్టెలు తిన్నాక మర్నాటి మధ్యాహ్నం దాకా అన్నం గుర్తు రాలేదు.

"ఏడికెళ్ళి వచ్చినవ్?" అని అడిగిందావిడ.

"తెనాలి నుంచండీ."

"అండీ ఏందమ్మా, నేనేమన్న తాసిల్దారునా?"

నువ్వు అనగానే మొదట చురుక్కుమంది. మా వైపు కొత్తవాళ్ళని అలా అంటే తగువు. కానీ అడక్కుండానే ఇంకో గరిటె పప్పు వేసింది కాబట్టి సర్దుకున్నాను. ఏ ఊరు వెళ్ళాలో చెప్పాను. పిండి తట్టే చెయ్యి ఆగిపోయింది.

"గిప్పుడా? గిప్పుడు ఆడ ఎవలుంటరు? ఇండ్లకు తాళాలేసుకొని చెరుకు కొట్టనీకె పోయిండ్రు గద."

"అందరూనా?"

"ఊరు ఊరంత. ఎండలు ముదిరినంక మర్లొస్తరు. మార్తమ్మ ఒక్కతే ఉంటది." మళ్ళీ పిండి తట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి, నా వైపు చూడకుండానే అంది: "పోతే పో. తాళం ఉన్న ఇంటి తలుపు మాత్రం కొట్టకు."

తాళం ఉన్న తలుపు ఎవరైనా ఎందుకు కొడతారు? అడుగుదామనుకున్నాను. ఈలోపు పొయ్యి దగ్గర రొట్టె మాడింది, ఆవిడ దాన్ని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

కల్హేర్, నా పౌరుషం వల్ల

మర్నాడు పొద్దున బస్టాండులో మొదట కనబడిన పల్లె బస్సు ఎక్కేశాను. ఎవరినీ అడగలేదు. అడిగితే మళ్ళీ 'ఏంది' అని గదమాయిస్తారని నా పౌరుషం. టిక్కెట్టు దగ్గర కండక్టరు 'ఆఖరుకా?' అన్నాడు, తలూపాను. ఆఖరు కల్హేర్ అని దిగాక తెలిసింది. నాగల్‌గిద్ద పూర్తిగా ఇంకో దిక్కు.

తిట్టుకున్నా లాభం లేదు, తిరుగు బస్సుకి రెండు గంటలు. ఆ రోజు సంత. వెల్లుల్లి, ఎండుమిరప, పలుపుతాళ్ళు, పాత చీరల కుప్పలు. ఒక మూల ఒక పెద్దాయన అరిగిపోయిన తిరగలి ముందేసుకుని ఉలితో గాట్లు పెడుతున్నాడు. తిరగళ్ళకి గాట్లు పెట్టేవాళ్ళని చూసి ఎన్నేళ్ళయిందో. మా వీధిలోకి వచ్చే ఆయన పోయాక ఆ పని అక్కడ ఆగిపోయింది. నీడ ఉందని పక్కన కూర్చున్నాను.

"ఇంకా వాడుతున్నారా వీటిని?"

"పిండి గిర్నీలు వచ్చినంక ఎవలు ఇసురుతున్నరమ్మా? ఏడనో ఒకలు. నాగల్‌గిద్ద అవతలి ఊర్లల్లనే ఇంటింటికి ఒక ఇసుర్రాయి ఉంటది."

"అయితే మీకు అటే పని ఎక్కువన్నమాట. నేనూ రేపు అటే వెళ్తున్నా."

ఉలి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "నేను ఎండకాలమే పోత. గిప్పుడు పోను. గిప్పుడు వాటిల జొన్నలుంటయ్."

"ఉంటే?"

"ముట్టొద్దు" అన్నాడు. రాయి మీద రాలిన పొడిని ఊదేసి మళ్ళీ ఉలి పట్టుకున్నాడు. నేను మధ్యాహ్నానికి ఖేడ్ చేరి, ఆన్‌లైన్ సెంటర్లో పహాణీ నకలు తీసుకుని, రేపు అడిగి బస్సెక్కాలని బుద్ధి తెచ్చుకున్నాను.

నాగల్‌గిద్ద దాటాక

మూడో రోజు అడిగే ఎక్కాను. నాగల్‌గిద్దలో చాయ్ కొట్టాయన నన్ను చూసి "ఊట ఆయ్తా?" అన్నాడు. భోంచేశావా అని కన్నడంలో. అక్కడి నుంచి కర్ణాటక కూతవేటు దూరం. చాయ్ పది రూపాయలు, సగం పాలు, సగం చక్కెర.

అక్కడ మోయిన్ అనే ఆటో అతన్ని మాట్లాడుకున్నాను, పోనూ రానూ ఐదు వందలు. నలభై దాటిన మనిషి, మంచి మాటకారి. దారంతా పత్తి ధర గురించి, తన మోకాలి నొప్పి గురించి చెప్తూనే ఉన్నాడు. రోడ్డుకి రెండు వైపులా కంది చేలు, పూత రాలి కాయ పడుతోంది. పహాణీలో సర్వే నంబరు చూసి అతనే నా చేను గుర్తుపట్టాడు. "దావీదు చేసేది గిదే మేడం" అన్నాడు. దిగి గట్టు మీద నిలబడ్డాను. మోయిన్ నా ఫోనుతో ఫోటో తీశాడు. నా భూమి అంటే ఏదో అనిపిస్తుందనుకున్నాను. చెప్పుల్లోకి మట్టి దూరింది, ఎండ కొట్టింది, అంతే.

ఊరి మొదట్లో చిన్న చర్చి ఉంది. సున్నం వేసిన గోడ, పైన ఇనప శిలువ. మోయిన్ అక్కడే ఆటో ఆపేశాడు. అతని మాటలూ అక్కడే ఆగిపోయాయి.

"లోపలికి రారా?"

"గీడనే ఉంటా మేడం. జల్దీ రా."

చర్చిలో తాళంచెవులు

ఊరు శుభ్రంగా ఉంది. ముందు నాకు తెలిసింది అదే. మనుషుల్లేని ఊరంటే ఆకులు, చెత్త ఉంటాయి కదా. ఇక్కడ ప్రతి వాకిలీ ఊడ్చి ఉంది, ప్రతి తలుపుకీ తాళం ఉంది. కోళ్ళు లేవు. రెండు కుక్కలు ఎదురొచ్చి, మొరగకుండా, నా వెనకే నడిచాయి. నా చెప్పుల చప్పుడు గోడలకి తగిలి తిరిగి నాకే వినిపిస్తుంటే నెమ్మదిగా అడుగులేయడం మొదలుపెట్టాను.

రెండో సందులో ఒక ముసలామె కనిపించింది. ముప్ఫై రెండు సైజు, కుడి భుజం కిందికి జారింది, చేత్తో కుట్టుకున్న జాకెట్టు. ఒక తాళం వేసిన తలుపు ముందు నిలబడి మూడుసార్లు కొట్టింది. "బుధారం" అంది లోపలికి వినపడేలా. కాసేపు చెవి ఒగ్గి నిలబడింది. తర్వాత పక్కింటికి వెళ్ళి మళ్ళీ మూడుసార్లు కొట్టి, "బుధారం" అంది.

నేను ఉన్నచోటే ఆగిపోయాను. ఆమే నన్ను చూసింది.

"ఎవలింటికొచ్చినవ్ బిడ్డా?"

"దావీదు గారి కోసమమ్మా."

ఫక్కున నవ్వింది. "గారు ఏంది! వాడు నా కొడుకు. వాడు గూడ చెరుకుకే పోయిండు. రోలర్ డ్రైవరు బిడ్డవా నువ్వు? మీ నాయిన తీర్గనే నిలబడ్డవ్."

ఆమే మార్తమ్మ. చర్చిలోకి తీసుకెళ్ళి చాప వేసి, ముంతతో నీళ్ళిచ్చింది. గోడకి వరసగా మేకులు, మేకులకి తాళంచెవులు, ముప్ఫై నాలుగు. హిందువుల ఇళ్ళవీ, క్రైస్తవుల ఇళ్ళవీ కలిసే వేలాడుతున్నాయి. పాస్టరు నెలకి రెండుసార్లు వస్తాడట. మిగతా రోజుల్లో అది తాళంచెవుల గదే.

"ఇందాక తలుపులు కొడుతున్నారు కదా, ఎవరున్నారని?"

"ఇండ్లు ఉన్నయ్ గద. ఏ రోజో చెప్తుంట. చెప్పకుంటే ఇడిచిపెట్టి పోయిండ్రనుకుంటయ్."

ఇక్కడి ఆచారం కూడా అప్పుడే చెప్పింది. చెరుకు కొట్టడానికి వెళ్ళే రోజు పొద్దున ఇంటి ఆడమనిషి తిరగలిలో పిడికెడు జొన్నలు పోసి, సగం తిప్పి వదిలేస్తుంది. సగం పిండి, సగం గింజ. తిరిగొచ్చాక మిగిలింది తనే విసిరి, ఆ పిండితో మొదటి రొట్టె చేయాలి. ఈలోపు ఇంకెవరూ ఆ రాయి ముట్టుకోకూడదు.

"మరి, రాలేకపోయినవాళ్ళో?" అన్నాను.

"రాకుంట ఎవ్వలు ఉండలే బిడ్డా. ఎట్ల వచ్చిండ్రనేదే వేరే."

తలుపులోంచి ఎదురుగా కనిపిస్తున్న ఒక ఇంటిని చూపించింది. దాని తాళం తుప్పుపట్టి ఎర్రగా ఉంది. "గా ఇంటోళ్ళు నల్గురు. మొన్నటేడు లారీ బోల్తపడ్డది. నల్గురూ వచ్చిండ్రు."

"ఎక్కడున్నారు?"

"ఇంట్లనే. ఇగ యాడికి పోతరు?"

ముసలితనం వల్ల మతి చలించిందేమో, పని చూసుకుని బయటపడాలి అనుకున్నాను. చెల్లెలి ఆపరేషను సంగతి చెప్పి, సంచీలోంచి ఏజెంటు రాసిచ్చిన రాత తీసి చదివాను. ఏటా వచ్చి చూసుకుని పోతుంది అనేచోట మార్తమ్మ చెయ్యెత్తింది.

"ఎన్నడొచ్చినవ్?"

ఇదే మొదటిసారని ఒప్పుకున్నాను.

"రానిది వచ్చినవని ఏలుముద్ర ఎట్ల ఏస్త? మర్లొస్తవని అయితే ఏస్త. నా ఇసుర్రాయిల పిడికెడు పొయ్యి. నీకు గీడ ఇల్లు లేదు గద."

ఇంతేనా అనుకున్నాను. పిడికెడు జొన్నలే కదా. లేచి ఆమె వెనక బయల్దేరాను.

బాలప్ప ఇల్లు

మార్తమ్మ ఇంటికి వెళ్ళే దారిలో ఒక నీలం తలుపుల ఇల్లు. వరండాలో తీగ మీద ఆకుపచ్చ జాకెట్టు ఒకటి ఆరేసి మర్చిపోయారు. ముప్ఫై నాలుగు సైజు, చంకలో అతుకు, పనితనం బాగుంది. నేను దాన్నే చూస్తుండగా లోపలి నుంచి శబ్దం వచ్చింది.

తిరగలి తిరుగుతున్న శబ్దం. మా అమ్మమ్మ మినుములు విసురుతుంటే విని పెరిగినదాన్ని, పొరబడే ప్రశ్నే లేదు. రాయి మీద రాయి, ఒక చుట్టు, రెండు చుట్లు, మధ్యలో గింజ సర్దుకోవడానికి ఆగినట్టు చిన్న విరామం, మళ్ళీ చుట్టు. తలుపుకి తాళం అలాగే ఉంది. మధ్యాహ్నం ఎండ నెత్తి మీద ఉంది. కుక్కలు రెండూ కూర్చుండిపోయాయి.

"అమ్మా, లోపల ఎవరో..."

మార్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో భయం లేదు. బాధ ఉంది. "బాలప్ప పెండ్లాం నాగమ్మ" అంది మెల్లగా. "అయ్యో బిడ్డా. గింత జల్ది వచ్చినవా?" ఆ రెండో మాట నాతో కాదు, తలుపుతో.

"తలుపు తీయండి, చూద్దాం."

"ఇసురుడు కానియ్యి. నడుమల తీయద్దు."

అలాగే నిలబడ్డాం. ఎంతసేపో నాకు తెలియదు. శబ్దం నెమ్మదించింది, ఒట్టి రాయి మీద రాయి తిరిగినప్పుడు వచ్చే గరుకు చప్పుడు రెండుసార్లు వినిపించి ఆగిపోయింది. గింజ అయిపోతే అలాగే వస్తుంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ ముసలామె భుజం పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే మోయిన్ సందు చివర కనిపించాడు. రానన్న మనిషి లోపలికి వచ్చాడు. ఊళ్ళో సిగ్నలు ఉండదు, అందుకని చెరుకు దగ్గరున్నవాళ్ళు ఏదైనా కబురుంటే అతనికే చేస్తారట. రోడ్డు మీద సిగ్నలు దొరికి ఫోను మోగింది.

"అవ్వా" అన్నాడు. "బాలప్ప పెండ్లాం పొద్దుగాల చెరుకు తోటల పాము ముట్టి సచ్చిపోయిందంట. ట్రాక్టర్ల తెస్తున్నరు. ఇల్లు తీసి పెట్టమన్నడు."

మార్తమ్మ చర్చికి వెళ్ళి తాళంచెవి తెచ్చింది. నీలం తలుపు తీసింది. నేను గడప దాటలేదు, కానీ చూశాను. మూసిన ఇంట్లో నేల మీద సన్నగా దుమ్ము పేరుకుని ఉంది, ఆ దుమ్ము మీద ఒక్క అడుగు కూడా లేదు. మధ్యలో తిరగలి. దాని చుట్టూ గుండ్రంగా తెల్లటి పిండి. మార్తమ్మ పై రాయి ఎత్తి చూసింది. ఒక్క గింజ లేదు.

పిడికెడు

ఆమె ఇంటి వసారాలో కూర్చున్నాం. మార్తమ్మ కళ్ళు తుడుచుకుని, ఒక చేటలో జొన్నలు తెచ్చి నా ముందు పెట్టింది. పక్కనే ఆమె తిరగలి.

"ఇగ చెప్పు. మర్లొస్తవా?"

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. నాకు తిరిగొచ్చే ఉద్దేశం లేదు. నా మిషన్లు రెండూ అమ్మకానికి పెట్టేశాను. షాపు ఇంకొకరికి చూసుకోమని యజమానికి చెప్పేశాను. ఆపరేషను అయ్యాక ఎలాగోలా అక్కడే ఉండిపోదాం అని నేనూ సుజాతా ఫోన్లో అనుకున్నాం. తెనాలిలో నా కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు, ఎక్కడున్నా ఒకటే కదా అనుకున్నాను. ఆ ఐర్లండ్ ఆఫీసరు నన్ను సరిగ్గానే కొలిచాడు. నా కోపమంతా అందుకే.

చెయ్యి చేట దాకా వెళ్ళి ఆగిపోయింది. రాతలో అబద్ధం రాయించడానికి వచ్చినదాన్ని, ఆ రాయి ముందు అబద్ధం ఆడలేకపోయాను.

"రానమ్మా. నాకు రావాలని లేదు."

నన్ను తిడుతుందనుకున్నాను. చేట పక్కకి జరిపింది.

"అయితే పొయ్యకు. మనసు లేకుంట పోసినోళ్ళు గూడ వస్తరు బిడ్డా. గట్ల వచ్చుడు మంచిగుండదు." నీలం తలుపు వైపు చూసి మళ్ళీ నా వైపు తిరిగింది. "కాయితం తే. ఏలు ఏస్త. కాయితం సర్కారుది, దానికేమున్నది? చెల్లె పరేషాన్ల ఉన్నదంటివి. పోయి సూసుకో."

ఏటా వస్తుంది అన్న ముక్క నేనే కొట్టేశాను. మిగిలింది ఒక్కటే వాక్యం: ఈమె మళ్ళీ వస్తుంది. దాని కింద ఆమె వేలిముద్ర పడింది. నాకు కావలసింది దొరికింది. దండం పెట్టి బయల్దేరాను. మోయిన్ ఆటో స్టార్టు చేసి ఉంచాడు.

చర్చి దాకా వచ్చాక వెనక మూడుసార్లు తలుపు చప్పుడు వినిపించింది. "బుధారం" అని మార్తమ్మ గొంతు. ఊళ్ళో చావు పెట్టుకుని కూడా మిగిలిన ఇళ్ళకి చెప్తోంది. ముప్ఫై నాలుగు ఇళ్ళు. చెరుకు నరికే మనుషులు, నెల జీతాలు లేనివాళ్ళు, వీసా ఆఫీసులో నిలబడితే ఒక్కరికీ ముద్ర పడదు. వాళ్ళందరి కోసం ఒక మనిషి రోజూ తలుపు తట్టి ఇవాళ ఏ రోజో చెప్తోంది. నలభై ఆరేళ్ళొచ్చాయి నాకు. నేను రావాలని ఎవరూ రోజులు లెక్కపెట్టలేదు. అది తల్చుకోగానే ఏడుపొచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత, నడిరోడ్డు మీద, ఒక ఆటో అతని ముందు ఏడ్చాను.

"ఐదు నిమిషాలు ఆగండి" అని మోయిన్‌కి చెప్పి వెనక్కి నడిచాను.

మార్తమ్మ నన్ను మళ్ళీ వసారాలోకి తీసుకెళ్ళి, చేట నా ముందుకి జరిపింది. పిడికెడు జొన్నలు తీసి తిరగలి నోట్లో పోశాను. పిడి పట్టుకుని తిప్పాను. రాయి నేననుకున్నదానికన్నా బరువుంది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. అంచున తెల్లగా పిండి కనిపించగానే ఆమె నా చెయ్యి మీద చెయ్యేసింది.

"సాలు. మిగిలింది నువ్వే ఇసరాలె."

ఇంటికి

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఖేడ్‌లో రొట్టెలావిడ "పోయొచ్చినవా?" అంది. వెళ్ళొచ్చానన్నాను. నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా రొట్టె వేడిగా వేసింది. డబ్బులు తీసుకోనంటే బలవంతంగా ఇచ్చాను. తెనాలి వచ్చాక మిషన్లు అమ్మనని చెప్పాను, షాపు వదలనని యజమానికి చెప్పాను. ఆయన గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు.

ఏజెంటు ఆ వేలిముద్ర కాయితం చూసి నవ్వాడు. టైపు చేయించుకొస్తే బాగుండేది కదా మేడం అన్నాడు. అదే పెట్టమన్నాను. ఈసారి నా ఉత్తరంలో ఏమీ దాచలేదు. పెళ్ళి కాలేదనీ, ఒంటరిదాన్ననీ, జాకెట్లు కుడతాననీ, కచ్చితంగా తిరిగొస్తాననీ రాశాను. డిసెంబరు ఆఖర్లో వీసా వచ్చింది. ఏది చూసి ఇచ్చారో నాకు తెలియదు.

వీసా కోసం పెట్టిన తిరుగు టిక్కెట్టు ఉత్తుత్తిదే, ఇప్పుడు ఒక్కవైపుకి కొంటే సరిపోతుంది అన్నాడు ఏజెంటు. రెండు వైపులా కొన్నాను. ఫిబ్రవరి ఇరవైన తిరుగు ప్రయాణం, మార్చడానికి వీల్లేని టిక్కెట్టు.

ఆ మాట ఫోన్లో సుజాతకి చెప్పాను.

"ఉండిపోతానన్నావు కదక్కా."

"అన్నాను. నిన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకుంటాను. కుట్లు మానేదాకా ఉంటాను. నువ్వు మళ్ళీ డ్యూటీకి వెళ్ళేదాకా వండిపెడతాను. తర్వాత వచ్చేస్తానే."

"అక్కడ నీకెవరున్నారని?"

చెప్పాను. మొత్తం చెప్పాను, నీలం తలుపు దగ్గర్నుంచీ. చదువుకున్నది కదా, నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఏడ్చింది, నన్ను కోప్పడింది, ముసలమ్మ మాటలు పట్టుకుని నన్ను వదిలేస్తావా అంది. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు తనే చేసి, అక్కడ చలి బాగా ఉంది, దళసరి స్వెట్టర్లు తెచ్చుకో అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఎల్లుండి విమానం. సుజాతని ఎలా వదిలి రావాలా అని భయంగా ఉంది. ఇంకో భయం కూడా ఉంది, అది దానికి చెప్పలేదు. నేను తిరిగొస్తాను. అందులో ఇప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు, ఏ ఆఫీసరుకీ అక్కర్లేదు. నా కాళ్ళతో నేను నడిచి రావాలి, అంతే. అందుకే ముందే టిక్కెట్టు కొనుక్కున్నాను.